ఎత్తులో సగం దాటిన నడుము

మా తిరుపతిలో ఆదివారం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట ఉచిత వైద్య శిబిరం ఉంటుంది. ఉదయపు నడకకు జనం వచ్చే మైదానాల దగ్గర, కల్యాణ మండపాల్లో, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నాలుగు బల్లలు వేసి బీపీ చూస్తారు, వేలికొన పొడిచి షుగర్ చూస్తారు, తూకం యంత్రం ఎక్కిస్తారు, గోడకు అంటించిన కొలబద్ద దగ్గర నిలబెడతారు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించి బీఎంఐ అనే అంకెను లెక్కగట్టి చీటీ మీద రాసిస్తారు. ఆ అంకె 25కు లోపల ఉన్నవాళ్లు చీటీని మడిచి జేబులో పెట్టుకొని నిశ్చింతగా ఇంటిదారి పడతారు. దర్జీ మెడలో ఎప్పుడూ వేలాడే టేపు మాత్రం ఆ బల్లల మీద నాకు ఎక్కడా కనిపించలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనవంటి పొట్టి మనుషులకు, సన్నని కాళ్లూ చేతులూ ఉండి నడివయసు రాగానే పొట్ట ఒక్కటే ముందుకు వచ్చే శరీర తత్వం ఉన్నవాళ్లకు, ఆ చీటీ మీద రాయవలసిన మొదటి అంకె బీఎంఐ కాదు. నడుము చుట్టుకొలతకూ ఎత్తుకూ మధ్య ఉన్న నిష్పత్తి. నడుము ఎత్తులో సగానికి లోపల ఉంటే సరే, సగం దాటితే ఆ మనిషిని రక్తపరీక్షకు పంపాలి. బరువు చూడవద్దని నేను అనడం లేదు. బరువు ఒక్కటే చూసి ‘మీకేం భయం లేదు’ అని చెప్పి పంపవద్దని అంటున్నాను.

మా మేనమామగారు చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాస్తూ జీవితం గడిపినవారు. ఐదడుగుల మూడంగుళాల మనిషి, అంటే 160 సెంటీమీటర్లు. బరువు ఏనాడూ 58 కిలోలు దాటలేదని ఆయనకు కాస్త గర్వం కూడా ఉండేది. ఎవరైనా షుగర్ మాట ఎత్తితే, “నేను బక్కోణ్ణి గదరా, నాకెట్లొస్తాది? లావుగా ఉండేవోళ్లకు గదా అది” అనేవారు. చివరకు కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకోబోతే, దానికి ముందు చేసే రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. అది ఎన్నేళ్లుగా లోపల ఉందో చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. ఆయన బీఎంఐ లెక్క వేస్తే 22.7 వస్తుంది, అంటే భారతీయుల కోసం ప్రత్యేకంగా తగ్గించిన 23 అనే గీతకు కూడా లోపలే. నడుము 88 సెంటీమీటర్లు, అంటే మన దేశంలో మగవాళ్లకు పెట్టిన 90 అనే గీతకూ లోపలే. రెండు పద్ధతుల్లోనూ ఆయన ఆరోగ్యవంతుడే. 88ని 160తో భాగిస్తే మాత్రం 0.55 వస్తుంది. ఒక్క మనిషి కథతో శాస్త్రం రుజువు కాదని నాకు తెలుసు. అయితే ఆయన ఎందుకు దొరకకుండా పోయారన్న ప్రశ్నకు జవాబు వెతికితే, ఆ జవాబు ఆయన ఒక్కరికే పరిమితం కాదని అర్థమవుతుంది.

మనకు తూకం మీద నమ్మకం ఈనాటిది కాదు. తిరుమలలో బిడ్డను తులాభారం త్రాసులో కూర్చోబెట్టి, ఎదుటి తట్టలో బెల్లమో, పటికబెల్లమో, చిల్లర నాణేలో పోసి మొక్కు తీర్చుకునే వాళ్లం. మొక్కులో మొత్తం బరువే లెక్క. అందులో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత అని ఎవరూ అడగరు. జబ్బు విషయానికి వచ్చేసరికి అదే అసలు ప్రశ్న అవుతుంది. బీఎంఐ దానికి జవాబు చెప్పదు, చెప్పడానికి పుట్టిందీ కాదు. 1830లలో అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రజ్ఞుడు ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో తేల్చే ప్రయత్నంలో, పెద్దవాళ్లలో బరువు ఇంచుమించు ఎత్తు వర్గాన్ని అనుసరించి ఉంటుందని గమనించాడు. ఊబకాయంతో గానీ షుగరుతో గానీ ఆయనకు పని లేదు. ఆ తరువాత చాలాకాలానికి, 1972లో, అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఐదు దేశాలకు చెందిన ఏడు వేలకు పైగా పురుషుల కొలతలను పరిశీలించి, అప్పటికి వాడుకలో ఉన్న సూత్రాల్లో ఇది కాస్త మేలని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ఆ దేశాల్లో మన దేశం లేదు. ఆ మనుషుల్లో ఆడవాళ్లు లేరు. పెద్ద పెద్ద జనసమూహాలను చవకగా పోల్చి చూడడానికి పనికివచ్చిన ఆ అంకె, తరువాతి కాలంలో, ఎదుట నిలబడిన ఒక్కొక్క మనిషికి తీర్పు చెప్పే అంకెగా మారింది.

ఆసియావాసులకు ఆ గీతలు సరిపోవడం లేదని నిపుణులు గుర్తించకపోలేదు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల బృందం ఆసియా ప్రజల విషయంలో 23, 27.5 దగ్గరే జాగ్రత్త పడాలని సూచించింది. 2009లో భారతీయ వైద్య నిపుణులు ఏకాభిప్రాయంతో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించారు. గీత జరపడం వల్ల కొంత మేలు జరిగిన మాట నిజమే. కానీ గీతను ఎంత జరిపినా ఆ కొలత స్వభావం మారదు, ఎందుకంటే ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరి ఒంట్లో కొవ్వు ఒకేలా ఉండదు. ఈ సంగతిని అదే 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న రచన చెప్పినంత సూటిగా మరేదీ చెప్పలేదు. పుణేలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనే అందులో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఎక్స్‌రే స్కాన్‌తో కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అదే యాజ్ఞిక్ బృందం పుణే ప్రాంతపు పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. మన బిడ్డలు సగటున 2.7 కిలోలు, వాళ్ల బిడ్డలు 3.5 కిలోలు, మనవాళ్లలో కండ, పొట్ట భాగం బాగా తక్కువ, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. పైకి బక్కగా, లోపల కొవ్వుగా ఉండడమనేది నలభై ఏళ్ల వయసులో బిర్యానీలతో మాత్రమే వచ్చేది కాదన్నమాట; తల్లి కడుపులోనే దానికి పునాది పడుతుంది.

కొవ్వు ఎంత ఉందన్నది ఒక ఎత్తు, ఎక్కడ ఉందన్నది ఒక ఎత్తు. ఈ రెండో సంగతిని 1947లోనే ఫ్రాన్సులోని మార్సే నగరపు వైద్యుడు జాన్ వాగ్ చెప్పాడు. తుంటి దగ్గరా తొడల దగ్గరా కొవ్వు చేరే శరీరాల కన్నా పైభాగంలో, పొట్ట చుట్టూ చేరే శరీరాలకే షుగరూ గుండెజబ్బూ ఎక్కువగా వస్తున్నాయని ఆయన గమనించాడు. చర్మం కింద, వేళ్లతో పట్టుకుంటే అందే కొవ్వు చాలావరకు నిల్వ సరుకు. తిన్నది మిగిలితే శరీరం ముందుగా దాన్ని అక్కడ దాచుకుంటుంది. ఆ చోటు చాలనప్పుడు మిగిలినది పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో, చివరకు కండరాల్లో చేరుతుంది. దక్షిణాసియా ప్రజలకు చర్మం కింద దాచుకునే చోటే తక్కువగా ఉంటుందనీ, అందువల్ల తక్కువ బరువు దగ్గరే కొవ్వు లోపలికి పొర్లుతుందనీ ఒక ప్రతిపాదన ఉంది. మన చుట్టూ కనబడే మనుషులను చూస్తే అది నమ్మదగినదిగానే తోస్తుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు అక్కడి రక్తనాళాల ద్వారా నేరుగా కాలేయానికి వెళ్తాయి. కొవ్వు నిండిన కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, అవసరం లేనప్పుడు కూడా రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. దాన్ని అదుపు చేయడానికి క్లోమం మరింత ఇన్సులిన్ ఊరిస్తుంది. ఏళ్ల తరబడి అలా ఊరించి ఊరించి అలసిపోయిన నాడు షుగర్ జబ్బు రిపోర్టులోకి ఎక్కుతుంది. ఈ ప్రక్రియ అంతా జరుగుతున్న కాలంలో మా మేనమామ బరువు 58 కిలోల దగ్గరే ఉంది. కాళ్లూ చేతుల్లో కండ కరుగుతూ, పొట్టలో కొవ్వు పేరుకుంటూ పోతే త్రాసు ముల్లు కదలవలసిన పని లేదు.

దేశం మొత్తం మీద ఈ లెక్క ఎలా ఉందో భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన ఇండియాబ్ సర్వే చెబుతుంది. లక్షా పదమూడు వేల మందిని పరిశీలించి 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది, 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. బీఎంఐ ప్రకారం ఊబకాయులు 28.6 శాతం, నడుము కొలత ప్రకారం పొట్ట ఊబకాయం ఉన్నవాళ్లు 39.5 శాతం. ఈ రెండు అంకెలను ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే, బీఎంఐ ఊబకాయులందరికీ పొట్ట ఉందనుకున్నా సరే, కనీసం నూటికి పదకొండు మంది దాకా పొట్ట ఉండీ బీఎంఐకి చిక్కని వాళ్లని తేలుతుంది. ఆదివారం శిబిరంలో చీటీ మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయేది వీళ్లే.

అయితే నడుము ఒక్కటి కొలిస్తే చాలదా, మధ్యలో ఎత్తు ఎందుకు అని అడగవచ్చు. 2009 నాటి మన నిపుణుల నిర్ణయం ప్రకారం మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ఆశా కార్యకర్తల నుంచి కార్పొరేట్ ఆసుపత్రుల దాకా ఇప్పుడు వాడేది ఇదే. నా అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది. సగం లెక్కను తిరగేసి చూడండి. ‘నడుము ఎత్తులో సగం’ అనే సూత్రం, 90 అనే హద్దు ఒకే మాట చెప్పేది 180 సెంటీమీటర్ల మగవాడి విషయంలో మాత్రమే; 80 అనే హద్దు దానితో ఏకీభవించేది 160 సెంటీమీటర్ల స్త్రీ విషయంలో మాత్రమే. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు సుమారు 165, ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152. అంటే ఈ హద్దులు మనలో పొడగరుల కొలతకు కుట్టిన చొక్కాలు. మిగిలినవాళ్లకు వదులుగా ఉంటాయి, ఆ వదులులోనే ప్రమాదం దాగి ఉంటుంది. 147 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక తల్లికి నడుము 79 ఉంటే హద్దులోపలే ఉన్నారని పంపేస్తాం, నిష్పత్తి చూస్తే 0.54. ఆరడుగుల మగవాడికి నడుము 91 ఉంటే పొట్ట ఊబకాయం అని రాసేస్తాం, అతని నిష్పత్తి సగానికి లోపలే ఉంటుంది. 2009లో ఆ నిపుణులే వీటికన్నా కింద మరో ముందస్తు గీత కూడా గీశారు: మగవాళ్లకు 78, ఆడవాళ్లకు 72. మన సగటు ఎత్తుల్లో సగం 82.5, 76. అవి సరిగ్గా ఆ రెండు గీతల నడుమ పడుతున్నాయి. ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి, ముందస్తుకు ఒకటి, తీవ్రతకు ఒకటి అని నాలుగు అంకెలు గుర్తుపెట్టుకునే బదులు ఎవరి ఎత్తు వాళ్లకే హద్దును నిర్ణయిస్తుంటే వద్దనడం దేనికి?

ఈ సగం సూత్రం నిన్నా మొన్నా సామాజిక మాధ్యమాల్లో పుట్టినది కాదు. 1990లలో జపాన్ పరిశోధకులు, బ్రిటన్‌లో పోషకాహార శాస్త్రజ్ఞురాలు మార్గరెట్ ఆష్‌వెల్ దీని మీద పనిచేశారు. ఆష్‌వెల్ బృందం 2012లో మూడు లక్షలకు పైగా మనుషుల సమాచారం ఉన్న 31 అధ్యయనాలను కలిపి చూసి, షుగర్, బీపీ, గుండెజబ్బుల ముప్పును పసిగట్టడంలో నడుము కొలత బీఎంఐ కన్నా 3 శాతం, నడుము–ఎత్తు నిష్పత్తి 4 నుంచి 5 శాతం మెరుగని తేల్చింది. 2022లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ దీన్ని తన మార్గదర్శకాల్లో చేర్చింది. 0.4 నుంచి 0.49 వరకు ఆరోగ్యకరం, 0.5 నుంచి 0.59 వరకు ముప్పు పెరిగినట్టు, 0.6 ఆపైన ముప్పు తీవ్రమైనట్టు అని మూడు మెట్లు పెట్టింది. ఆడా మగా తేడా లేదు, జాతి తేడా లేదు. బీఎంఐ 35 దాటిన వాళ్లలో నడుము ఎలాగూ హద్దు దాటే ఉంటుంది కాబట్టి వాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పేదేమీ ఉండదని కూడా అంది. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక తరఫున ఏర్పడిన నిపుణుల కమిషన్ ఊబకాయ నిర్వచనాన్ని సవరిస్తూ, బీఎంఐ ఒక్కదాన్నే నమ్మవద్దని, కొవ్వును నేరుగా కొలవడమో, లేదంటే నడుము, నడుము–తుంటి, నడుము–ఎత్తు కొలతల్లో కనీసం ఒకదాన్ని జతచేయడమో జరగాలని చెప్పింది.

నడుము–తుంటి నిష్పత్తికి కూడా మంచి పేరే ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2005లో గుండెపోటు ముప్పును సూచించడంలో అది బీఎంఐని మించిందని చూపింది. కానీ చీర కుచ్చిళ్ల మీదుగా తుంటిని సరిగా కొలవడం ఎంత కష్టమో ఏ నర్సమ్మనడిగినా చెబుతారు. పైగా ఒళ్లు తగ్గినప్పుడు నడుమూ తుంటీ రెండూ తగ్గి నిష్పత్తి ఉన్నచోటే ఉండిపోవచ్చు. పెద్దవాళ్ల ఎత్తు మాత్రం ఏళ్ల తరబడి మారదు. అందువల్ల నడుము తగ్గితే ఆ తగ్గుదల నిష్పత్తిలో అంతా కనబడుతుంది.

నడుమును ఎక్కడ కొలవాలన్న విషయంలో జాగ్రత్త పడకపోతే పైన చెప్పినదంతా వృథా. చాలామంది మగవాళ్లు “నా నడుము ముప్పై నాలుగు” అని ప్యాంటు సైజు చెబుతారు. ప్యాంటు నడుము వేరు, అసలు నడుము వేరు. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారుతుంది, పొట్ట బెల్టు మీదికి వాలుతుంది, సైజు మాత్రం ముప్పై నాలుగు దగ్గరే ఉంటుంది. మొలతాడు కట్టుకునే వాళ్లు అది బిగుసుకుంటే ఒళ్లు చేసినట్టు గుర్తించడం మన ఇళ్లలో ఉన్నదే. అయితే అది కూడా తుంటి ఎముకల మీద, పొట్ట వాలు కింద కూర్చుంటుంది కాబట్టి అసలు చోటును కొలవదు. బొడ్డును గుర్తుగా పెట్టుకోవడం కూడా అంత నమ్మకమైనది కాదు, వేలాడే పొట్టతో పాటు బొడ్డూ దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోటు చివరి పక్కటెముక అంచుకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్య. పక్కకు చేయిపెట్టి నొక్కితే రెండు ఎముకలూ తగులుతాయి. ఉదయం ఏమీ తినకముందు, మూత్రవిసర్జన అయ్యాక, పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడి, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో, టేపును నేలకు సమాంతరంగా, చర్మానికి తగిలీ తగలనట్టు చుట్టి చూడాలి. పొట్ట లోపలికి లాక్కొని కొలుచుకుంటే మోసపోయేది కొలుచుకున్నవాళ్లే. అమెరికాలో తుంటి ఎముక పైఅంచు దగ్గర కొలిచే పద్ధతి ఉంది, దానికీ దీనికీ కొద్ది తేడా వస్తుంది. ఏ పద్ధతి పట్టుకున్నా ఎప్పుడూ అదే పట్టుకోవాలి. దర్జీల గుడ్డ టేపులు వాడగా వాడగా సాగిపోతాయి, ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోవడం మంచిది.

లెక్కలు రానివాళ్లకు టేపు కూడా అవసరం లేదు. ఒక దారాన్ని మడమ నుంచి నడినెత్తి వరకు తమ ఎత్తుకు సరిపడా తెంపి, రెండు పొరలుగా మడిచి, పైన చెప్పిన చోట నడుము చుట్టూ తిప్పితే కొసలు కలిశాయా లేదా అన్నదే జవాబు. అంగుళాల్లో చూసుకునేవాళ్లకు ఐదడుగుల మనిషికి 30, ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి 32.

ఇక అభ్యంతరాల సంగతి. వైద్యుడైన ఒక మిత్రుడితో దీని మీద చాలాసార్లు వాదించాను. “సగం అంటే వినడానికి బాగుంటుంది స్వామీ, మన ఊళ్లో నలభై దాటినవాళ్లలో ఎంతమంది సగంలోపల ఉంటారు చెప్పు. అందరికీ ముప్పే అని చెప్పే కొలత ఎవరికి ముప్పో చెప్పినట్టా?” అన్నది ఆయన ప్రశ్న. ఇందులో న్యాయం ఉంది. 0.5 దగ్గర ఒంట్లో ఏ తలుపూ టక్కున మూసుకోదు. ముప్పు క్రమంగా పెరుగుతుంది, సగం అన్నది గుర్తుంచుకోవడానికి వీలైన చోట పెట్టిన గుర్తు మాత్రమే. అందుకే నేను మెట్లను పట్టించుకోమంటాను. 0.52 ఉన్నవాళ్లకు ఒకసారి షుగరూ బీపీ చూపించుకొమ్మని చెబితే చాలు, 0.6 దాటినవాళ్లకు ఆ పరీక్షలతో పాటు కొలెస్ట్రాల్, కాలేయం కూడా చూడాలి, వాయిదా వేయకూడదు. ఎక్కువమంది హద్దు దాటి ఉన్నారంటే హద్దు తప్పని అనుకోనక్కర్లేదు. షుగరూ దాని అంచూ కలిపి నూటికి ఇరవై ఆరు మందికి పైగా ఉన్న దేశంలో చాలామందిని పరీక్షకు పంపే కొలతే ఉండాలి.

ఆయన రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 2011లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన 58 అధ్యయనాల్లోని రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా సమాచారాన్ని పరిశీలించి, ఒక మనిషి బీపీ, షుగర్ చరిత్ర, కొలెస్ట్రాల్ ముందే తెలిసి ఉంటే, బీఎంఐ గానీ నడుము గానీ గుండెజబ్బు ముప్పును అంచనా వేయడానికి అదనంగా పెద్దగా తోడ్పడవని చెప్పింది. నిజమే. కానీ ఆ షరతును చూడండి: ముందే తెలిసి ఉంటే. మా మేనమామ విషయంలో తెలియనిదే అది. రక్తపరీక్ష రిపోర్టు చేతిలో ఉన్న కార్డియాలజిస్టుకు టేపుతో పని తక్కువ కావచ్చు, ఇంతవరకు ఒక్క పరీక్షా చేయించుకోని మనిషిని ల్యాబు గుమ్మం దాకా తీసుకువెళ్లడానికి మాత్రం అది పనికివస్తుంది. ఆష్‌వెల్ బృందం చూపిన మెరుగుదల నాలుగైదు శాతమే అన్నదాన్ని కూడా నేను దాచడం లేదు. నా దృష్టిలో దీని గొప్ప ఆ నాలుగైదు శాతంలో లేదు. విద్యుత్తు లేకుండా, యంత్రం లేకుండా, చదువు లేకుండా ఇంట్లోనే తెలుసుకోగలగడంలో ఉంది.

వృద్ధుల విషయంలో నాకే ఒక ఇబ్బంది కనిపిస్తుంది. వయసు మీద పడేకొద్దీ వెన్నుపూసలు అణగి ఎత్తు తగ్గుతుంది. 152 ఉన్న ఆవిడ 148కి వస్తే హద్దు 76 నుంచి 74కి దిగుతుంది. నడుము అంగుళం పెరగకపోయినా నిష్పత్తి పెరిగినట్టు చూపిస్తుంది. వాళ్ల విషయంలో ఈ అంకెను కాస్త ఉదారంగా చదవాలి. నాలుగు సెంటీమీటర్లకు మించి ఎత్తు తగ్గితే నడుము సంగతి తరువాత, ముందు ఎముకలు చూపించాలి. గర్భిణులకు, కడుపులో నీరు చేరినవాళ్లకు ఈ కొలత వర్తించనే వర్తించదు. టేపు చర్మం కింది కొవ్వునూ లోపలి కొవ్వునూ వేరు చేయలేదన్నది కూడా నిజమే, ఆ పని స్కానింగ్ మాత్రమే చేయగలదు.

అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లేవాళ్లకు పొట్ట ఉంటేనేం అనే వాదన మా ఊరి ప్రత్యేకత. కాలినడకన తరచూ కొండెక్కే మిత్రులు కొందరు గాలిగోపురం దగ్గర పొట్ట నిమురుకుంటూ ఈ మాట అంటారు. నడక వల్ల, ఎక్కడం వల్ల గుండెకూ కండరాలకూ జరిగే మేలు పొట్ట ఉన్నా జరుగుతుంది, దాన్ని తీసిపారేయలేము. అయితే కొండెక్కగలిగినంత మాత్రాన రక్తంలో చక్కెర ఎంత ఉందో తెలిసిపోదు. ఆ మిత్రులకు ఒక శుభవార్త కూడా ఉంది: నడకకు, తిండి తగ్గింపుకు చర్మం కింది కొవ్వు కన్నా పొట్టలోపలి కొవ్వే తొందరగా లొంగుతుంది. బరువు కదలకుండానే నడుము రెండు సెంటీమీటర్లు తగ్గడం జరుగుతుంది, త్రాసునే నమ్ముకున్నవాళ్లు ఆ ఫలితాన్ని చూడక నిరాశపడి మానేస్తారు. పొట్టకు చుట్టుకునే వేడి బెల్టుల ప్రకటనల గురించి ఏమీ రాయకుండా ఉండడమే వాటికి తగిన గౌరవం.

మనం కొత్తగా కనిపెట్టవలసినది ఏమీ లేదు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో రూపొందించిన భారతీయ మధుమేహ ముప్పు లెక్కలో వయసు, కుటుంబ చరిత్ర, శ్రమలతో పాటు నడుము కొలతకు మార్కులు ఉన్నాయి, బరువుకు లేవు. ముప్పై దాటిన వాళ్ల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నింపే కేంద్ర ప్రభుత్వ ఫారంలోనూ నడుముకు మార్కులు ఉన్నాయి: ఆడవాళ్లకు 80 వరకు సున్నా, 90 వరకు ఒకటి, ఆపైన రెండు, మగవాళ్లకు 90, 100 దగ్గర అవే మెట్లు. అంటే టేపు ఇప్పటికే ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఆ మార్కులు వేసేటప్పుడు మాత్రం 145 సెంటీమీటర్ల ఆవిడా 165 సెంటీమీటర్ల ఆవిడా ఒకే లెక్కలో పడుతున్నారు. నడుము గడి పక్కన ఎత్తుకు ఒక గడి పెట్టి, మార్కులను 0.5, 0.6 దగ్గర వేస్తే ఫారం ఒక్క వరుస పెరుగుతుంది. తలుపు చట్రం మీద పెన్సిల్ గీతతో ఎత్తు కొలవడం ఏ ఇంట్లోనైనా రెండు నిమిషాల పని, నడుము కొలిచేది ఆడమనిషే కావడం వల్ల శిబిరాల్లో ఎదురయ్యే బిడియం కూడా అక్కడ ఉండదు. ప్రభుత్వ ఫారం మారడానికి సమయం పడుతుంది. మా ఊరి ఆదివారం శిబిరాల వాళ్లు ఎత్తును ఎలాగూ కొలుస్తున్నారు కాబట్టి, ఒక టేపు కొని, మహిళల కోసం ఒక తెర కట్టి, చీటీ మీద బీఎంఐ పైన ఇంకొక అంకె రాయడానికి వచ్చే ఆదివారం దాకా ఆగితే చాలు.